అహరోను చూసిన బొమ్మ

కేబుల్ వాళ్ళ భాషలో టీవీలో కనపడేది సినిమా కాదు, వార్తలు కాదు, సీరియలూ కాదు. బొమ్మ. బొమ్మ వచ్చిందా, బొమ్మ పోయిందా, బొమ్మ వణుకుతోందా, అంతే. ఆ బొమ్మ సంగతిలో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉన్న ఆపరేటర్లందరికీ అహరోను మాటే మాట. గుమ్మంలో నిలబడి టీవీ వైపు ఒక్కసారి చూసి, "మూడో స్తంభం దగ్గర జాయింట్‌లోకి నీళ్ళు దిగాయండీ" అనేవాడు. వెళ్ళి చూస్తే దిగే ఉండేవి.

అలాంటి మనిషికి ఎడమ కన్ను కనపడదన్న సంగతి అతని భార్య సారమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

తొమ్మిదేళ్ళ కిందట చేపల చెరువు మీదుగా కేబుల్ లాగుతుంటే, దానికి దన్నుగా కట్టిన ఇనప తీగ తెగి వచ్చి కంటి మీద కొట్టింది. వాపు తగ్గింది, ఎరుపు పోయింది. కన్ను కన్నులాగే ఉంది, చూపే లేదు. "ఎవరితోనూ అనకు. ఒంటికన్నువాడు మనకేం బొమ్మ చూపిస్తాడని నవ్వుతారు" అన్నాడు సారమ్మతో. నిజంగా నవ్వేవాళ్ళో, జాలిపడేవాళ్ళో ఎవరికి తెలుసు? అతనికి ఆ రెండూ ఇష్టం లేదు. మనిషి మంచివాడే, ఇచ్చిన మాట తప్పేవాడు కాదు, చర్చిలో పెద్ద కూడా. ఆ ఒక్క బిగువు మాత్రం ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, దానికి అతనొక్కడే మూల్యం చెల్లించి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

అతనిది కొల్లేటి ఒడ్డున లంకపాడు. చర్చి పక్కనున్న డాబా మీద నాలుగు పెద్ద డిష్షులు, కింద గదిలో వేడెక్కి గురగురలాడే పెట్టెలు. దాన్ని అతను కంట్రోల్ రూమ్ అనేవాడు. ఊరు కూడా కాస్త గౌరవంగా అలాగే అనేది. అక్కణ్ణించి గట్ల వెంబడి, చెరువుల మీదుగా ఆరు లంకలకి కేబుల్ వెళ్ళేది. అందులో వచ్చే ఛానళ్ళన్నీ ఎవరెవరివో, ఒక్క ఛానల్ మాత్రం అహరోనుది. ఆదివారం ఆరాధన, ఊళ్ళో పెళ్ళిళ్ళు అందులో వేసేవాడు. రోజూ సాయంత్రం ఆరింటికి సారమ్మ తల దువ్వుకుని కెమెరా ముందు కూర్చుని, సండే స్కూల్ పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చేపల ధరలు, తప్పిపోయిన గేదెలు, ప్రార్థన కూడికలు చదివేది. సారమ్మ చదివితేనే గేదె దొరుకుతుందని కొందరి నమ్మకం.

అన్నింటికంటే ముఖ్యమైనది గీత. ఏ ఛానల్ నడుస్తున్నా సరే, కింద పాకుతూ వెళ్ళే అక్షరాల వరస. కొల్లేటి వాళ్ళకి ఒక వింత కష్టం ఉంది. నెత్తిన చుక్క పడదు, నీళ్ళు మాత్రం వచ్చేస్తాయి. వాన ఎక్కడో చింతలపూడి మెట్టలో కురుస్తుంది, తమ్మిలేరు దాన్ని మోసుకొచ్చి కొల్లేట్లో పోస్తుంది. సారమ్మ అన్నయ్య క్రీస్తుదాసు చింతలపూడిలో మాస్టారు. అక్కడి వాన పట్టు చూసి బావకి ఫోన్ చేసేవాడు. వెంటనే ఆరు లంకల్లో ప్రతి టీవీ కిందా గీత పాకేది: తమ్మిలేరు వస్తోంది, గట్ల చుట్టూ వలలు కట్టుకోండి. వల కట్టుకుంటే నీళ్ళు గట్టెక్కి పోయినా చేప నిలుస్తుంది. లేకపోతే నీళ్ళతోపాటు అదీ పోతుంది. పన్నెండేళ్ళలో ఆ గీత ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండువేల పదకొండు నాటికి ఇళ్ళ మీద గొడుగులు మొలవడం మొదలైంది. కేబుల్ అక్కర్లేకుండా నేరుగా ఆకాశం నుంచి ఛానళ్ళు పట్టే చిన్న డిష్షులవి. లంకపాడులో మొదటి గొడుగు చూసిన రోజు అహరోను అన్నం సయించక లేచిపోయాడు. ఆ వారంలోనే ఏలూరు నుంచి కబురు వచ్చింది. టీవీలూ ఫ్యాన్లూ అమ్మే కొట్టుతో మొదలుపెట్టి, ఏలూరు పట్నానికంతా సిగ్నల్ ఇచ్చే స్థాయికి ఎదిగిన వీరరాఘవులుగారు చుట్టుపక్కల ఆపరేటర్లందర్నీ తాడేపల్లిగూడెంలో ఒక హోటల్‌కి భోజనానికి పిలిచారు. భోజనానికి ముందు ఆయన కొడుకు ఉదయ్ మాట్లాడతాడని కార్డులో ఉంది.

ఉదయ్ హైదరాబాద్‌లో ఎంబీయే చదివొచ్చాడు. గోడ మీద తెర వేసి, 'త్రీడీ టెలివిజన్: కేబుల్ ప్రొవైడర్లకు బిజినెస్ పొటెన్షియల్' అని పెద్ద అక్షరాలతో చూపించాడు. కింద ఒక బాణం, కొబ్బరిచెట్టంత ఎత్తుకి.

తాడేపల్లిగూడెం శివార్లలో కేబుల్ నడిపే వెస్లీ, అహరోను చెవి దగ్గరికి వంగాడు. "అన్నయ్యగారూ, పొటెన్షియల్ అంటే ఏంటండీ?"

"ఇంకా రానిది" అన్నాడు అహరోను.

"చూడండి అంకుల్" అన్నాడు ఉదయ్, అందర్నీ కలిపి ఒకే అంకుల్ చేసి. "మీ దగ్గరున్నవన్నీ గొడుగువాళ్ళ దగ్గరా ఉన్నాయి. వాళ్ళ దగ్గర లేనిది మన దగ్గర ఉండాలి. అదే త్రీడీ. బొమ్మ టీవీలో ఉండదు, ఇంట్లోకి వచ్చేస్తుంది. రేపు ఇంటింటికీ ఈ టీవీలే. ఆ ఛానల్ మన కేబుల్‌లోనే వస్తే గొడుగు పీక్కుని మీ కాళ్ళ దగ్గరికి వస్తారు." షరతు ఒక్కటే. అంత బరువైన సిగ్నల్ చిన్నచిన్న కంట్రోల్ రూముల్లోంచి వెళ్ళదు. అవి మూసేసి అందరూ ఏలూరు నుంచి వచ్చే లైనే తీసుకోవాలి. కాగితాలు బల్ల మీద ఉన్నాయి.

అప్పుడు తెర తీసి పెద్ద టీవీ పెట్టారు. నల్ల కళ్ళజోళ్ళు ఎనిమిదే ఉన్నాయి. వీరరాఘవులుగారు లేచి, "ముందు అహరోనుగారు చూడాలండీ. బొమ్మ ఆయన బాగుందంటే బాగున్నట్టే, నాక్కూడా" అన్నారు. ఆయన మాటలో వంకర లేదు. నిజంగానే అహరోనంటే ఆయనకి గురి.

అహరోను ముందు వరసలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. సముద్రం. సముద్రం అడుగున చేపలు. కొల్లేటి వాడికి చేపల్ని చూపిస్తున్నారు, సరే. కాస్త మసగ్గా, టీవీ ఎక్కడుందో అక్కడే, గాజు వెనకాలే తిరుగుతున్నాయి. ఎడమ కంటికి రావలసింది ఎడమ కంటికీ, కుడి కంటికి రావలసింది కుడి కంటికీ వస్తుందని, రెండూ తలలో కలుస్తాయని ఉదయ్ ఇందాకే చెప్పాడు. అహరోనుకి కలవడానికి రెండోది లేదు.

"వచ్చిందా అంకుల్? ముక్కు దాకా వచ్చిందా?" అంటున్నాడు ఉదయ్.

వెనక ఇరవైమంది అతని వైపే చూస్తున్నారు. రాలేదంటే ఎందుకు రాలేదంటారు. ఎందుకో చెప్పాలి. పెద్ద చేప ఒకటి ఇటు తిరిగింది. అహరోను చెయ్యి చాపాడు, దాన్ని పట్టుకోబోయినట్టు. వేళ్ళు గాలిలో మూశాడు.

"వచ్చిందండీ. వేళ్ళ సందులోంచి జారిపోయింది" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. ఇక చూడాలి ఆ గొర్రెదాటు. తర్వాత కూర్చున్నవాడు తల వంచుకుని తప్పించుకున్నాడు. ఇంకొకడు కుర్చీ వెనక్కి లాగాడు. వెస్లీ అయితే ఏకంగా లేచి దూకాడు, పక్కవాడి కాలు తొక్కాడు. భోజనాల వేళకి కాగితాలన్నిటి మీదా సంతకాలు పడ్డాయి. మొదటి సంతకం అహరోనుది.

పెట్టేముందు ఒక్క క్షణం అతని చెయ్యి ఆగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మనసు ఎప్పుడూ మనకి కావలసిన న్యాయమే చెప్తుంది. నాకు కనపడకపోతే లేనట్టా? వీళ్ళందరికీ కనపడింది. జనానికి రెండు కళ్ళున్నాయి. కనపడనిదాన్ని నమ్మడం చిన్నప్పట్నించీ అలవాటైన మనిషి, ఆ అలవాటుని తీసుకెళ్ళి ఒక టీవీ మీద పెట్టాడు.

ఇంటికి వచ్చి అంతా వర్ణించి చెప్పాడు. సారమ్మ శ్రద్ధగా వింది. ఎడమ బొమ్మ, కుడి బొమ్మ తలలో కలవడం దగ్గర మాత్రం ఆపింది.

"ఏవండీ, మరి మీకెలా కలిసిందండీ?"

"అందరూ బాగుందన్నారు."

"అందరి సంగతి నేనడగలేదండీ."

అహరోను కంట్రోల్ రూమ్‌లో పని ఉందని లేచి వెళ్ళిపోయాడు.

మూడో వారంలో ఏలూరు మనుషులు నిచ్చెన వేసుకుని వచ్చి డాబా మీది డిష్షులు దించారు. ఊరు ఊరంతా నిలబడి చూసింది. విజయకుమారి అనే పెద్దావిడ దూరపు లంక నుంచి పడవ మీద వచ్చింది. భర్త పోయాక, ఒక చిన్న మడుగులో చేపపిల్లలు పెంచి చెరువులవాళ్ళకి అమ్ముకుంటూ బతుకుతోంది.

"ఇకనుంచి సారమ్మగారు కనపడరా బాబూ?"

"కనపడదండీ. కానీ ఏలూరు నుంచి ఇంకా మంచి బొమ్మ వస్తుంది."

"బొమ్మ సంగతి కాదు బాబూ, గీత. తమ్మిలేరు గీత."

నిజానికి గీత గురించి కాగితాల్లో ఏముందో అహరోను చదవలేదు. "అది ఎక్కడికి పోతుందండీ? ఏలూరు నుంచే వేయిస్తాను. మీరు టీవీ చూస్తూ ఉండండి చాలు" అన్నాడు. ఆవిడ తృప్తిగా పడవెక్కింది.

త్రీడీ ఛానల్ వచ్చింది. ఆ బొమ్మ చూసే టీవీ లంకపాడులో ఎవరి దగ్గరా లేదు. చెరువుల ఆసామి భాస్కరరావుగారు ఒక్కరే, "అహరోను చెయ్యి పెట్టి పట్టుకోబోయాడటగా" అని విజయవాడ నుంచి తెప్పించుకున్నారు. ఇంటిల్లిపాదీ నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుని వరసగా కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి కంటి ఆపరేషన్ల క్యాంపు ఇక్కడ పెట్టారేమో అనుకున్నారు. నాలుగో రోజుకి వాళ్ళావిడకి తలనొప్పి, ఆయనకి కళ్ళు తిరగడం. కళ్ళజోళ్ళు బీరువా ఎక్కాయి, టీవీ మామూలు టీవీ అయింది. గొడుగులు మాత్రం వర్షాకాలపు పుట్టగొడుగులే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది అహరోను విషయంలో ముమ్మాటికీ నిజమైంది. ఇప్పుడు అతని తీగల్లో అతనిది అంటూ ఒక్క మాట లేదు. బొమ్మ పోతే జనం తిట్టడానికి మాత్రం అతనే.

ఏడాదిన్నర గడిచాక, ఏలూరులో జాయింట్లు కొనుక్కునే కొట్టు దగ్గర వెస్లీ ఎదురుపడ్డాడు.

"వందనాలు అన్నయ్యగారూ. త్రీడీ ఛానల్ ఎత్తేస్తున్నారటండీ."

"పోన్లే. చూసినవాళ్ళెవరు గనక."

"ఆ రోజైనా ఎవరు చూశారండీ?" అని నవ్వాడు వెస్లీ. "ఏలూరు కంట్రోల్ రూమ్‌లో పనిచేసే ఫణికిరణ్ మొన్న చెప్పాడు. ఆ రోజు కళ్ళజోళ్ళకి ఛార్జింగే పెట్టలేదంట. బొమ్మ రెండు రెండుగా కనపడుతుంటే భయపడి మామూలు బొమ్మే వేసేశాడంట. త్రీడీ ఆ హాల్లో రానే లేదండీ."

"మరి నువ్వు దూకావు కదయ్యా?"

"మీరు చెయ్యి చాపారు కదండీ" అన్నాడు వెస్లీ, అదేమంత చెప్పాల్సిన సంగతా అన్నట్టు. "మీకు వచ్చి నాకు రాకపోతే నా కళ్ళకే ఏదో అయిందనుకున్నాను. మర్నాడు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. మన ఆపరేటర్లందరూ అంతేనండీ. ఇంతకీ మీకెలా వచ్చిందండీ?"

అహరోను సంచీ భుజాన వేసుకుని వెళ్ళి బస్సెక్కేశాడు. దారి పొడుగునా అతనికి ఒకటే లెక్క. ఇరవైమందికి నలభై కళ్ళు. ఆ నలభై కళ్ళూ తమకి కనపడినదాన్ని కాదనుకుని, కనపడని ఒక కంటిని నమ్మాయి. రాలేదండీ అని ఒక్క ముక్క అని ఉంటే, ఆ హాల్లో నిజం చెప్పిన ఏకైక మనిషి తనే అయ్యేవాడు. ఏడ్చేంత కోపం వచ్చింది, తన మీద తనకి. ఆ సంగతి సారమ్మకి కూడా చెప్పుకోలేకపోయాడు.

ఆ అక్టోబరులో ఒక ఉదయం క్రీస్తుదాసు ఫోన్ చేశాడు. "బావా, ఇక్కడ నిన్న మధ్యాహ్నం నుంచీ కుండపోతే. తమ్మిలేరు దాటలేక బస్సులు ఆపేశారు. సాయంత్రానికి మీ మీదకి వస్తుంది. గీత వెయ్యండి."

లంకపాడు మీద ఆకాశం ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. అహరోను ఏలూరు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. ఫణికిరణ్ తీశాడు.

"గీత మన చేతుల్లో లేదండీ. దీపావళి దాకా చీరల కొట్టువాళ్ళకి ఇచ్చేశారు. మధ్యలో ఇంకోటి వెయ్యాలంటే ఉదయ్‌గారు చెప్పాలి."

ఉదయ్ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నాడు. పదకొండింటికి ఫోన్ తీశాడు. "ఆఫీసర్ల దగ్గర్నించి లెటర్ ఏమైనా ఉందా అంకుల్? లేకుండా వేస్తే రేపు మన మీదకి వస్తుంది. ఒక మెయిల్ పెట్టండి, చూస్తాను."

వీరరాఘవులుగారికి చేశాడు. "ఇప్పుడు అన్నీ అబ్బాయే చూస్తున్నాడండీ" అన్నారు ఆయన, నొచ్చుకుంటూనే.

భాస్కరరావుగారికి చేశాడు. "ఎండ కాస్తుంటే వరదంటావేంటయ్యా? టీవీలో ఏం రాలేదే?" అన్నారాయన. ఇంకో పదిమందికి చేశాడు. అందరూ విన్నారు, విని టీవీ వైపు చూసుకున్నారు. అక్కడ పట్టుచీరలు పాకుతున్నాయి. సరే చూద్దాంలెండి అన్నారు. పన్నెండేళ్ళపాటు అతనే నేర్పాడు వాళ్ళకి, గీత పడితే నిజం, పడకపోతే కాదని. ఇప్పుడు అతను నేర్పిన ఆ మాట మీదే వాళ్ళు అతన్ని నమ్మడం లేదు.

మధ్యాహ్నం చర్చి మైకు బండికి కట్టుకుని గట్టు రోడ్డు మీద అరుచుకుంటూ తిరిగాడు. కొందరు కదిలారు. చేతిలో వలలున్నవాళ్ళు పరిగెత్తారు. నాలుగు లంకలకి రోడ్డుంది. మిగిలిన రెండింటికీ పడవే గతి, అక్కడ ఫోనూ పలకదు. పడవ నడిపే జీవన్‌ని బతిమాలి ఎక్కేసరికి మూడు దాటింది. వెళ్తున్నంతసేపూ పొద్దుట్నించి జరిగింది అతనితో చెప్పుకుంటూనే ఉన్నాడు. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. మెట్టనేల రంగు. అది చూసి జీవన్ గడ గట్టిగా వేశాడు.

విజయకుమారి లంక చేరేటప్పటికి ఇంకా వెలుతురుంది. మడుగు గట్టు కనపడటం లేదు. మడుగేదో కొల్లేరేదో తెలియకుండా అంతా ఒకటే ఎర్రనీరు. చేపపిల్లలు నీళ్ళలోంచి నీళ్ళలోకి పోయాయి. పోయినట్టు కూడా తెలియదు. ఆవిడ మెరక మీదున్న ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన వల, చుట్ట విప్పకుండా అలాగే ఉంది. లోపల టీవీ మోగుతోంది.

అహరోను పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

"పొద్దుట్నించీ పెట్టే ఉంచాం బాబూ" అందావిడ. కోపంగా అనలేదు. "చింతలపూడిలో వానంట అని ఎవరో అన్నారు. వల తియ్యనా అత్తా అంది కోడలు. నేనే వద్దన్నాను. అహరోనుగారు వెయ్యలేదు, ఆయన వెయ్యకపోతే నీళ్ళు రావు అన్నాను. అది పొయ్యి కూడా ముట్టించకుండా టీవీ ముందే కూర్చుంది. ఏదీ రాలేదు బాబూ, చీరలు తప్ప."

ఆవిడ తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఈసారి మీక్కూడా తెలియలేదా?"

జీవన్ గడ పట్టుకుని అటే చూస్తున్నాడు. మైకులో అరిచిన కథ రేపు ఉదయానికి ఈ లంకకి కూడా వస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. అహరోనుకి అదంతా తెలుసు. కానీ తెలిసిందంటే, మరి గీత ఎందుకు వెయ్యలేదో చెప్పాలి.

"తెలియలేదమ్మా" అన్నాడు.

జీవన్ ముఖం తిప్పుకున్నాడు. విజయకుమారి లేచి లోపలికి వెళ్ళి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది.

"మీరేం చేస్తారు బాబూ, బాధపడకండి. మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది" అని ఆవిడే అతన్ని ఓదార్చింది.